మిగిలినది ఎవరి వంతు?

(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పంచాంగ శ్రవణం కాగానే సాహిత్యం గురించో, సంస్కృతి గురించో ఒక ఉపన్యాసం ఉండడం మన సంఘంలో వాడుక. ఈసారి కార్యదర్శిగారు నన్ను వంటింటి విషయం మాట్లాడమన్నారు. నేను పాకశాస్త్రం చదివినవాణ్ణి కాను. పదో తరగతి చదివి రైల్వే కచేరీలో గుమాస్తాగా చేరినవాణ్ణి. ఉద్యోగం మొదట్లో కొన్నేళ్ళు ఒంటరిగా వండుకు తిన్నాను. ఇప్పుడు మా యింట్లో రాత్రి భోజనాలయ్యాక మిగిలినదాన్ని ఏం చేయాలనే శాఖ నా చేతిలో ఉన్నది. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాను. నా విషయం చిన్నది: మిగిలిన వంట. దాని వెనక ఉన్న ప్రశ్న మాత్రం అంత చిన్నది కాదు. మన ఇళ్ళలో మిగిలినది ఎవరు తింటున్నారు?

పరాభవ సంవత్సరం అరవై ఏళ్ళకొకసారి వస్తుంది. పోయినసారి వచ్చింది 1966లో. ఆనాటి సంగతి ఈ సభలోని పెద్దలకు జ్ఞాపకమే. వరుసగా రెండేళ్ళు వానలు ముఖం చాటేసినవి. 1965లో ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికొక పూట భోజనం మానుకోవలసిందిగా దేశాన్ని కోరారు. 1966లో కోటి టన్నులకు పైగా ధాన్యం విదేశాలనుంచి తెప్పించుకున్నాము. ఆ రోజుల్లో గిన్నె అడుగున మిగిలిన మెతుకు మీద ఇంటిల్లిపాదికీ చూపు ఉండేది.

ఇప్పుడు 2026. దేశంలో ధాన్యానికి ఆనాటి కరువు లేదు. కాని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగంవారు 2024లో ప్రకటించిన లెక్క ఒకటి వినండి. 2022 ఒక్క సంవత్సరంలో ప్రపంచంలో సుమారు 105 కోట్ల టన్నుల తిండి చెత్తకుప్పల పాలైంది. అందులో నూటికి 60 పాళ్ళు పారబోసింది ఇళ్ళలోనే. పెళ్ళిళ్ళలో పారబోస్తున్నారు, హోటళ్ళలో పారబోస్తున్నారు అని మనం వేలు చూపిస్తూ ఉంటాము గాని, పెద్ద వంతు మన ఇళ్ళదే.

పారబోయడం ఎరగని వంటిళ్ళు ఎలా నడిచేవో చెప్పడానికి నాకు బాగా తెలిసిన చోటు మా పావగడ తాలూకా. చాలామందికి అది ఎక్కడున్నదో తెలియదు గనుక రెండు మాటలు చెబుతాను. అది తుమకూరు జిల్లాలోది, అంటే కర్ణాటక. అయినా మూడు వైపులా ఆంధ్రదేశమే. మడకశిర, పెనుగొండ, కళ్యాణదుర్గం మాకు ఇరుగు పొరుగు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడున్నూ, 1956లో రాష్ట్రాలను తిరిగి విభజించినప్పుడున్నూ మా తాలూకా మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఆ మైసూరు 1973లో కర్ణాటక అయింది. మీలో చాలామంది ఊరు విడిచి పరాయి రాష్ట్రం చేరినవారు. మా పావగడవాళ్ళం ఊరు విడవకుండానే పొరుగు రాష్ట్రంలో తెలుగువాళ్ళమైనాము. మాకు ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం, వంటింట్లో రెండూ. మేము చారును సారు అంటాము, వేరుశనగను చెనిక్కాయ అంటాము, రోట్లో నూరిన పచ్చడిని ఊరిబిండి అంటాము.

మా తాలూకా వానకు పేద. రాగి, చెనిక్కాయ, కంది, ఉలవ – ఇవి మా మెట్టపంటలు. ఎండ మాత్రం ధారాళం. 2018 నుంచి తిరుమణి చుట్టుపక్కల సుమారు 13,000 ఎకరాలలో సౌరవిద్యుత్తు పలకలు పరిచారు. మా ఎండకు అలాగైనా ఒక ధర పలికింది. ఆ ఎండలోనే మా అవ్వలు బిందెలతో నీళ్ళు మోసి వంట చేశారు. దూరంనుంచి మోసుకొచ్చిన నీళ్ళలో పప్పు ఉడికించాక, ఆ నీళ్ళు పారబోయడానికి చెయ్యి వస్తుందా? రాదు. అందుచేత వార్చిన నీళ్ళకు మా వంటలో ఒక గౌరవమున్నది, ఒక పేరున్నది. దాని పేరు కట్టు.

ఈవేళ ఉగాది గనుక కట్టుతోనే మొదలుపెడతాను. ఓళిగలకు కందిపప్పు గాని సెనగపప్పు గాని ఉడకబెడతాము. పప్పు వేలితో నొక్కితే నలగాలి గాని గుజ్జు కాకూడదు. దాన్ని వార్చి, బెల్లం వేసి రుబ్బితే పూర్ణం. వార్చిన నీళ్ళే కట్టు. ఈ కట్టులో చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, సారు పొడి వేసి, పూర్ణంలోనుంచి నిమ్మకాయంత తీసి అందులో కలుపుతారు. ధనియాలు, జీలకర్ర, మిరియాలు వేయించి కొబ్బరితో నూరి చేరుస్తారు. ఒక పొంగు రాగానే నేతిలో ఆవాలు, ఇంగువ, కరివేపాకు పోపు. పులుపు, తీపి, కారం మూడూ ఒక్క గరిటెలో పలుకుతాయి. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదు ఉంటుంది గాని, తక్కిన రుచులలో ఈ సారు దానికి తోబుట్టువే. ఇది మరునాటికి ఇంకా రుచి. రాత్రంతా నిలిచేసరికి పులుపూ తీపీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకే ఓళిగలు అయిపోయినా సారు అయిపోకూడదని దాచుకునే ఇళ్ళు కద్దు.

హుబ్బళ్ళికి బదిలీ అయి వచ్చాక ఇక్కడి కన్నడిగుల ఇళ్ళలో దీన్నే కట్టిన సారు అనడం విన్నాను. మరాఠీవాళ్ళు కటాచీ ఆమ్టి అంటారు. మూడు భాషలలోనూ ఆ 'కట్టు' మాట ఉన్నది. మూడు భాషల తల్లులకూ పప్పు నీళ్ళు పారబోయడానికి మనసు రాలేదన్నమాట. మనుషులు సరిహద్దులు గీసుకున్నారు గాని కట్టు ఆ గీతలను లెక్కపెట్టలేదు.

పండుగ రోజుల్లోనే కాదు, ఉత్తరోజుల్లోనూ ఇదే పద్ధతి. తోటకూరో, మునగాకో, అలసందలో పప్పుతో కలిపి ఉడికించి వారుస్తారు. ఆ నీళ్ళలో వెల్లుల్లి, ఎండుమిర్చి, కొబ్బరి నూరి వేస్తే బస్సారు. 'బసి' అంటే కన్నడంలో వార్చడం. గిన్నెలో మిగిలిన ఆకూ పప్పూ పోపు పెడితే కూర. ఒక పొయ్యి, ఒక ఉడుకు, రెండు వంటలు. రాగి ముద్దకు ఇంతకన్న తోడు లేదు.

ఉలవల సంగతి మరీ చిత్రం. దుక్కిటెద్దులకు ఉలవలు ఉడికించి పెట్టేవారు. ఉలవలు ఎద్దులకు, నీళ్ళు మనుషులకు. ఆ నీళ్ళే కాగి కాగి చిక్కబడి ఉలవచారు అయినవి. ఈనాడు పెద్ద హోటళ్ళలో వెన్న వేసి వడ్డిస్తున్న ఉలవచారు పుట్టింది పశువుల కొట్టం పక్కన పొయ్యిమీద. దీనికి ఒక పెద్ద జోడీ చెబుతాను. 1950లో మైసూరులో నెలకొన్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు, నూనె తీసేశాక మిగిలే వేరుశనగ పిండిని మనుషులకు బలమైన తిండిగా మార్చే ప్రయోగాలు చేశారు. అందులో సెనగపిండి కలిపి ఒక ఆహారం, కర్రపెండలం పిండితో కలిపి మైసూరు పిండి అనే మరొకటి తయారుచేశారు. గానుగలో మిగిలిన చెక్క అంతకుముందు పశువుల మేత. శాస్త్రజ్ఞులు చేసిన ఆలోచనే పొయ్యి దగ్గర మా అవ్వలూ చేశారు. వాళ్ళకు ప్రయోగశాల ఉన్నది, వీళ్ళకు లేదు, తేడా అంతే.

కాబట్టి మిగిలినదాన్ని మరో వంటగా మార్చడం పేదరికపు గుర్తు అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది ప్రయోగం. ప్రయోగానికి కారణం తెలియాలి, కొలత తెలియాలి, హద్దు తెలియాలి. మా యింట్లో చేసి చూసి నిలబెట్టుకొన్నవి కొన్ని చెబుతాను. అన్నీ మన వంటింట్లో ఎప్పుడూ ఉండే సరుకులతోనే.

మొదట సంగటి. అనంతపురం వైపు నూక వేసి గెలికిన సంగటి, తుమకూరు వైపు నూక లేని ముద్ద. పావగడలో రెండూ కద్దు. రాత్రి మిగిలిన ముద్దను నీళ్ళలో వేసి, పొద్దున మజ్జిగలో పిసికి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగి పొలం పోవడం పాత పద్ధతి. పట్నం పిల్లలు ఇది తాగమంటే ముఖం తిప్పుకుంటారు. అందుకని మేము రొట్టె చేశాము. రెండు ముద్దలు మిగిలితే చేత్తో మెదిపి, గుప్పెడు రాగిపిండి, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, జీలకర్ర, కొత్తిమీర, ఉప్పు కలిపి, తడిగుడ్డ మీద తట్టి పెనం మీద కాల్చడమే. ఒట్టి రాగిపిండితో తట్టిన రొట్టె అంచులు పగులుతుంది, ఎందుకంటే గోధుమకున్న సాగే గుణం రాగికి లేదు. ఉడికిన సంగటి కలిస్తే ఆ జిగురు పిండిని పట్టి ఉంచుతుంది. రొట్టె మెత్తగా వస్తుంది, మధ్యాహ్నం దాకా గట్టిపడదు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ప్రపంచం పండుగ చేసిన ధాన్యాన్ని కచేరీ డబ్బాలో పెట్టుకుపోవడానికి మనకు సిగ్గు దేనికి?

రెండవది చపాతీ. మరునాటికి మిగిలిన చపాతీలను చిన్న ముక్కలుగా తుంచి, ఉల్లి, పచ్చిమిర్చి, పసుపు వేసిన పోపులో వేసి, చారెడు నీళ్ళు చిలకరించి మూత పెట్టండి. దించేముందు వేయించిన సెనగపప్పు పొడి చల్లి నిమ్మకాయ పిండండి. అనంతపురంవాళ్ళు బొరుగులతో చేసే ఉగ్గాని పద్ధతే ఇది. బొరుగుల బదులు చపాతీ. పప్పుల పొడి తడిని పీల్చుకుంటుంది గనుక ముక్కలు ముద్ద కావు. ఇక్కడివాళ్ళు బొరుగుల వంటను సుసలా అంటారు. నిన్న మిగిలిన పప్పు ఉంటే, నీళ్ళకు బదులు అదే పోసి ఈరోజు చపాతీ పిండి కలపవచ్చు. ఉప్పు మాత్రం చూసి వేయాలి. పప్పులో ముందే ఉన్నది.

మూడవది పులిసిన దోసె పిండి. ఎండాకాలంలో రెండో రోజుకే పుల్లబడుతుంది. పారబోయకుండా రెండు గరిటెల రాగిపిండి గాని, గోధుమపిండి గాని కలిపితే పులుపు విరుగుతుంది. ఉల్లి, కరివేపాకు, కొబ్బరి ముక్కలు వేసి గుంత పెనంలో పోస్తే పొంగణాలు. పక్కన చెనిక్కాయల ఊరిబిండి. ఇది మా పిల్లలు అడిగి చేయించుకునే వంట. పిండి మిగలని రోజున వాళ్ళకే విచారం.

నాలుగవది తొక్కలు. బీరకాయ పొట్టును నూనెలో మగ్గించి, నువ్వులు, చింతపండు, ఎండుమిర్చితో నూరిన పచ్చడి మన తెలుగు ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. పుచ్చకాయ తిన్నాక ఎర్రటి కండకూ పచ్చటి తొక్కకూ మధ్య తెల్లటి భాగం పారవేస్తాము. దాన్ని సొరకాయలాగా ముక్కలు చేసి పప్పులో వేయండి. తెలియనివాళ్ళు సొరకాయే అనుకుంటారు. కొత్తిమీర కాడలు సారులో వేస్తే ఆకుకన్న ఎక్కువ వాసన.

అయిదవది అన్నం. దీనికి మన భాషలో ఎంత మర్యాద ఉన్నదంటే, పెద్దల మాటకు పోలిక వెతికితే మనవాళ్ళకు దొరికింది చద్దిమూటే. పోతనగారి భాగవతం దశమ స్కంధంలో బాలకృష్ణుడు గోపబాలురతో కూచుని చల్దులు ఆరగించిన ఘట్టం మీకందరికీ తెలుసు. అక్కడ గమనించవలసింది ఒకటున్నది. అందరూ వలయంగా కూచున్నారు, ఒకరిది ఒకరు రుచి చూసుకొన్నారు. భగవంతుడికి వేడి అన్నం, తక్కినవాళ్ళకు చద్దన్నం అనే భేదం ఆ పంక్తిలో లేదు. ఈ మాట మనసులో పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

మిగిలిన అన్నం చల్లారగానే మునిగేదాకా నీళ్ళు పోసి, చెంచాడు మజ్జిగ వేసి మూత పెడితే పొద్దునకు పులుస్తుంది. పాలను పెరుగు చేసే జాతి సూక్ష్మజీవులే ఇక్కడా పనిచేస్తాయి. చల్లారిన అన్నంలోని పిండిపదార్థంలో కొంత భాగం త్వరగా జీర్ణం కాని రూపానికి మారుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అది పేగులకు మేలు. ఎక్కువ మిగిలితే ఉప్పు, జీలకర్ర, పచ్చిమిర్చి వేసి మెత్తగా మెదిపి ఎండలో వడియాలు పెట్టవచ్చు. మా పావగడ ఎండకు రెండు రోజులలో గలగలలాడుతాయి. రైలు ప్రయాణానికి పులిహోర కట్టుకుపోవడంలోనూ ఈ తెలివే ఉన్నది. చింతపండు పులుపూ, నూనే, ఉప్పూ అన్నాన్ని త్వరగా చెడనీయవు. ఉత్త అన్నం కన్న పులిహోర ఎక్కువసేపు నిలవడానికి కారణం అదే.

ఇక హద్దులు చెప్పాలి. పొదుపు పేరుతో ఎవరినీ జబ్బు పడవేయకూడదు. అన్నంలో ఒక జాతి సూక్ష్మజీవి ఉంటుంది. దాని బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అది పెరిగి విషం పుట్టిస్తుంది. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వాసన లేదు గనుక బాగున్నదనుకోవడం కుదరదు. అందుచేత వండిన రెండు గంటల లోపల, వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టాలి. మరునాడే వాడుకోవాలి. ఒకసారే వేడిచేయాలి, పొగలు వచ్చేదాకా చేయాలి. చద్దన్నం జిగటగా తీగ సాగినా, బూజు కనబడినా పారబోయవలసిందే. బూజుపట్టిన చెనిక్కాయలను ఎంత వేయించినా వాటిలోని విషం పూర్తిగా పోదు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో – మా తాలూకా వాటిలో ఒకటి – నీళ్ళు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. అక్కడ కట్టు కాచేవారు శుద్ధిచేసిన నీళ్ళతోనే పప్పు ఉడికించడం మంచిది. పసిబిడ్డలకు, గర్భిణులకు, జబ్బుపడి లేచినవారికి మిగిలినది పెట్టవద్దు. అప్పుడు వండినదే పెట్టండి.

ఇప్పుడు నేను మొదట వేసిన ప్రశ్నకు వస్తాను. మిగిలినది ఎవరు తింటున్నారు?

గుమాస్తాకు లెక్క రాయడం అలవాటు. మా యింట్లో ఒక నెలరోజులు ఒక నోటు పుస్తకం పెట్టాను. రెండు గళ్ళు గీశాను: ఏం మిగిలింది, ఎవరు తిన్నారు. మొదటి గడిలో రోజుకో రకం పేరు పడింది. అన్నం, పప్పు, ఉప్మా, సంగటి, మాడిన దోసె. రెండో గడిలో చాలా రోజులు ఒకే మాట పడింది: అమ్మ. అంటే మా పిల్లల అమ్మ. ఎవరూ ఆమెను తినమనలేదు. ఎవరూ వద్దనా లేదు. నాకు కచేరీకి వేడి అన్నం, పిల్లలకు బడికి వేడి ఇడ్లీ, అడుగున మిగిలింది ఆమెకు. ఇది ఒక్క మా యింటి సంగతి అనుకోకండి. మా అవ్వ 'నాకు చద్దన్నమే ఇష్టం' అంటూ ఉండేది. ఆ ఇష్టంలో ఎంత ఇష్టమో, ఎంత సర్దుబాటో ఎవరూ విచారించలేదు. మీ అవ్వలు కూడా ఆ మాటే అని ఉంటారు. 'పారేయడం ఎందుకు, నేను తినేస్తాలే' – ఈ వాక్యం తెలుగు ఇళ్ళలో ఎవరి నోట వినబడుతుందో మీకే తెలుసు. నాకు తెలిసి తండ్రుల నోట తక్కువ.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. అదే వయసు పురుషులలో నూటికి 25 మందికి. దీనికి శరీర ధర్మంతో సహా కారణాలు అనేకం. చద్దన్నం తినడం కాదు కారణం. చద్దన్నం మంచిదని ఇందాకే చెప్పాను. కాని అందరూ తిన్నాక తినే మనిషికి అన్నం మిగులుతుంది, పప్పు తక్కువ మిగులుతుంది, కూర అసలే మిగలదు. మెతుకులు మిగిలినంతగా పోషణ మిగలదు.

ఇక్కడే ప్రయోగం పని చేస్తుంది. నిన్నటి చపాతీ నిన్నటి చపాతీగానే ఉంటే ఒక్క కంచంలోకి పోతుంది. అది ఉగ్గాని అయితే అందరి కంచాల్లోకి వస్తుంది. నిన్నటి ముద్ద ముద్దగా ఉంటే అమ్మ వంతు. రొట్టె అయితే పిల్లలు పోటీపడతారు. మిగిలినదాన్ని వంటగా మార్చడమంటే దాని రుచిని మాత్రమే కాదు, దాని వంతుదారును కూడా మార్చడం. పాతకాలపు కట్టు సారులో ఉన్న గొప్పతనం ఇదే. పారబోయవలసిన నీళ్ళు పండుగ విస్తరిలో ఇంటి యజమానికీ, అల్లుడికీ, పిల్లలకూ, వండినామెకూ ఒకే గరిటెతో పడుతున్నవి.

అయితే ఇందులో ఇంకో మెలిక ఉన్నది, ఆడవాళ్ళు ముందే పసిగట్టి నవ్వుకుంటున్నారు. వండేదీ ఆమే, మిగిలితే తినేదీ ఆమే, ఇప్పుడు మిగిలినదాన్ని కొత్త వంటగా మార్చే పనీ ఆమెకే వస్తే భారం తగ్గినట్టా, పెరిగినట్టా? అందుకే మార్చే పని మగవాళ్ళం తీసుకోవాలంటున్నాను. నేను చెప్పిన వంటలలో కొత్తగా వచ్చినవాడు చేయలేనిది ఏదీ లేదు. చపాతీ తుంచడానికి పట్టా అక్కరలేదు. రాత్రి గిన్నెలు సర్దేటప్పుడే ఏం మిగిలిందో చూసి, పొద్దున ఏమవుతుందో నిర్ణయించుకోవాలి. ఫ్రిజ్ తలుపుమీద ఒక చీటీ అంటించి తేదీ వేయాలి. ఫ్రిజ్ వచ్చాక మనం దాచడం నేర్చుకున్నాము, దాచినదాన్ని తీయడం మరిచాము. చీటీ లేని గిన్నె నాలుగో రోజున నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది.

ఇప్పుడు మా యింటి నోటు పుస్తకంలో రెండో గడిలో 'అందరూ' అని పడుతున్నది. మిగలడం కూడా తగ్గింది, ఎందుకంటే లెక్క తెలిశాక బియ్యం కొలిచే చెయ్యి మారింది. మిగిలినదాన్ని బాగుచేయడంకన్న మిగలకుండా వండడం మేలని వేరే చెప్పనక్కరలేదు.

పరాయి ఊళ్ళో ఉన్న మనకు ఇందులో మరొక నష్టమున్నది. ఊళ్ళో అయితే అత్తా, అవ్వా పక్కన ఉండి చూపించేవారు. మాడు గీకడం, కలి పోయడం, కట్టు వార్చడం, పొట్టు దాచడం – ఇవి పుస్తకంలో నేర్చుకునేవి కావు. కుక్కర్ వచ్చాక అన్నం వార్చడమూ, గంజీ పోయినవి; ఆ మాటలూ పోతున్నవి. మన పిల్లలు రెండో భాషగా కన్నడమో, హిందీయో చదువుతారు. తెలుగు వాళ్ళకు ఇంటి మాటగానే మిగిలింది. ఇంటి మాటలలో సగం వంటింటివే. కట్టు అనే మాట తెలియని పిల్లకు కట్టు సారు చేయడం ఎలా వస్తుంది? సారు చేయనివాళ్ళ ఇంట్లో ఆ మాట ఎవరు పలుకుతారు?

కనుక కార్యవర్గానికి మూడు విన్నపాలు చేస్తున్నాను.

మొదటిది. వచ్చే ఉగాదికి ముగ్గుల పోటీతోపాటు మిగులు వంటల పోటీ ఒకటి పెట్టండి. ప్రతి ఇంటినుంచీ ఒక్క వంటకం. పోటీకి నిలబడవలసింది మగవాళ్ళూ, పిల్లలూ. న్యాయనిర్ణేతలుగా ఆడవాళ్ళు కూచోవాలి.

రెండవది. ఆ వంటకం పేరూ, చేసే పద్ధతీ పిల్లలు తమ అవ్వనో అమ్మమ్మనో అడిగి తెలుగులో ఒక పుటలో రాయాలి. ఊళ్ళో ఉన్న అవ్వకు టెలిఫోనులో అడగవచ్చు. ఆ పుటలన్నీ కలిపి మన సంచికలో వేస్తే ఒక మంచి పుస్తకమవుతుంది. అనంతపురం, కర్నూలు, నెల్లూరు, శ్రీకాకుళం, పాలమూరు, పావగడ – ఎక్కడెక్కడి వంటిళ్ళూ అందులోకి వస్తాయి.

మూడవది ఈవేళే చేయదగ్గది. తెల్లవారుజామునుంచి వంటశాలలో పొయ్యి ముందు నిలబడినవారు ఉన్నారు. ప్రతి ఏడూ వాళ్ళది ఆఖరి పంక్తి. అప్పటికి ఓళిగలు విరిగినవి, సారు అడుగుది. ఈసారి మొదటి పంక్తిలో వాళ్ళు కూచోవాలి. కార్యవర్గ సభ్యులతోపాటు నేనూ వడ్డిస్తాను. ఆఖరి పంక్తి మనది. ఏది మిగిలితే అది తిందాము. తిన్నాక కూడా మిగిలితే రెండు గంటల లోపల డబ్బాలకెత్తి పంచుకు తీసుకుపోదాము. ఈవేళ సంఘం వంటలో వార్చిన కట్టు ఒక్క చుక్క పారబోయలేదని వంటశాలనుంచి కబురు వచ్చింది. అది సారు అయి సిద్ధంగా ఉన్నది.

పోయిన పరాభవ సంవత్సరంలో మనవాళ్ళు లేమిని పంచుకున్నారు. ఈ పరాభవ సంవత్సరంలో మనం మిగులును పంచుకుందాము.  విస్తళ్ళు ఎక్కడున్నవో ఎవరైనా చూపిస్తే, వెయ్యడం మొదలుపెడతాను.